యోర్గోస్, యోర్గో, యెయోర్యియూ: ఒక్క మనిషికి ఇన్ని పేర్లు ఎందుకు?

లిమసోల్_శ్రీను
సైప్రస్‌లోని లిమసోల్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి యజమాని డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి. అద్దె ఒప్పందం మీద ఆయన పేరు గ్రీకు లిపిలో ‘యెయోర్యియోస్ యెయోర్యియూ’ అని ఉంది. అచ్చుతప్పు వల్ల పేరు రెండుసార్లు పడిందేమో అనుకున్నాను. గుమ్మం పక్కన కాలింగ్ బెల్ మీద ‘యోర్గోస్’ అని ఉంది. వంటింట్లోంచి ఆయన భార్య పిలిచే పిలుపు ‘యోర్గో’. వీధి చివర కాఫీ కొట్టులో ఆయన ఈడువారు ‘యోర్కీ’ అంటారు. నాకు ఇంగ్లీషులో పంపే మెసేజీల కింద మాత్రం ‘జార్జి’ అని రాస్తారు. చేరిన కొత్తలో ఇది అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లేమోనని భ్రమపడ్డాను.

అంతకంటె పెద్ద బాధ ఇంకొకటి ఉంది. ఇక్కడ పుట్టినరోజు కంటె పేరురోజునే, అంటే తమ పేరు గల సెయింటు పండుగనే, ఘనంగా చేసుకుంటారని, ఏప్రిల్ 23 సెయింట్ జార్జి రోజని ఆఫీసులో విని, ఆ సాయంత్రం మూడు లీటర్ల పాలు గంటన్నర సేపు గరిటె ఆపకుండా కలిపి, పాలకోవా బిళ్ళలు చేసి తీసుకువెళ్ళాను. ఆవిడ డబ్బా మూత తీసి, వాసన చూసి, ‘పాలా?’ అని అడిగి, ఈ ఏడాది పండుగ మే 6న అని చెప్పి, నా కోవాను డీప్ ఫ్రీజర్‌లో పెట్టేశారు. క్యాలెండరులో తేదీ ఉన్న పండుగ పదమూడు రోజులు వెనక్కి ఎలా జరుగుతుంది? అసలు ఈ పేరు కథ ఏమిటి?

గుంటూరు_ఘాటు
పేరు సంగతి తరువాత చూద్దాము. ముందు ఆ కోవా ప్రస్తుతం ఏ స్థితిలో ఉన్నదో సభకు తెలియజేయగలరు.

వ్యాకరణం_మాస్టారు
శ్రీను గారు ఐదు పేర్లు అనుకుంటున్నది నిజానికి ఒక్క పేరే. ‘యెయోర్యియోస్’ పూర్తి రూపం కనుక చర్చి రిజిస్టరులోను, కాగితాల మీద అదే ఉంటుంది. మన వేంకటేశ్వర్లు వాడుకలో ఎంకటేసు అయినట్టే అది నోళ్ళలో నలిగి ‘యోర్గోస్’ అయింది. ‘యోర్కీస్’ అన్నది సైప్రస్ మాండలికపు రూపం.

చివరి ‘స్’ రావడం, పోవడం వెనుక ఉన్నది విభక్తి. మనకు ‘డు’ ఎలాగో గ్రీకులో మగవారి పేర్లకు ‘స్’ అలాగ. రాముడు వచ్చాడు అంటాము కాని, ‘రాముడూ, ఇలా రా’ అని పిలవము, ‘రామా’ అంటాము. వారు కూడా ‘యోర్గోస్ వచ్చాడు’ అంటారు, పిలిచేటప్పుడు మాత్రం ‘యోర్గో’ అంటారు. మీరు ఎప్పుడైనా ఆయనను ఎదురుగా ‘యోర్గోస్’ అని పిలిచి ఉంటే, అది వారి చెవికి ‘రాముడూ’ అన్నంత వింతగా వినిపించి ఉంటుంది. ఇక ‘యెయోర్యియూ’ అచ్చుతప్పు కాదు, షష్ఠీ విభక్తి. యెయోర్యియోస్ యొక్క వాడు అని అర్థం. పూర్వం ఎవరో తండ్రి పేరో తాత పేరో షష్ఠిలో నిలిచిపోయి ఇంటిపేరు అయింది. సైప్రస్‌లో ఇటువంటి ఇంటిపేర్లు కోకొల్లలు.

అర్థానికి వస్తే, ‘గే’ అంటే భూమి, ‘ఎర్గోన్’ అంటే పని. ఆ రెండూ కలిసిన ‘గెయోర్గోస్’ అంటే భూమి మీద పని చేసేవాడు, అంటే రైతు. ఆ మాటలోంచి వచ్చిన పేరే గెయోర్గియోస్. ప్రాచీన కాలంలో గట్టిగా పలికిన ఆ గకారం, ఎ, ఇ అచ్చుల ముందు కాలక్రమంలో మెత్తబడి యకారం అయింది. మనం బడిలో చదివిన జియోగ్రఫీ, జియాలజీ, జియోమెట్రీల ముందున్నది ఆ ‘గే’ తాలూకు మాటే. ఎనర్జీలోను, మెటలర్జీలోను ఉన్నది ఆ ‘ఎర్గోన్’. చేతితో పని చేసేవాడు అన్న గ్రీకు మాట లాటిను, ఫ్రెంచి భాషల మీదుగా నడిచి ఇంగ్లీషులో సర్జన్ అయింది.

లిమసోల్_శ్రీను
రెండేళ్ళుగా నేను ఆయనను మెట్ల దగ్గర ‘యోర్గోస్’ అని పలకరించినప్పుడల్లా ఆవిడ కొంగు లేకపోయినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎందుకు నవ్వేవారో ఇప్పుడు అర్థమైంది. నిన్న ‘యోర్గో’ అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూసి, భార్య వైపు చూసి, నాకు రెండు నిమ్మకాయలు ఇచ్చారు.

కోనసీమ_కుర్రాడు
అయితే మన హలధర్ అన్న పేరుకు ఇది గ్రీకు జోడీ అన్నమాట. నాగలి పట్టినవాడు ఇక్కడ బలరాముడు, అక్కడ జార్జి.

వ్యాకరణం_మాస్టారు
పూర్తిగా ఒప్పుకోలేను. బలరాముడికి నాగలి ఆయుధం, అందుకే హలాయుధుడు అన్నారు. గెయోర్గోస్ చేతిలోని పనిముట్టుతో ఎవరినీ కొట్టడు. హాలికుడు, కృషీవలుడు అన్న మాటలు దగ్గరగా ఉంటాయి. అయితే మనవాళ్ళు ఎవరూ బిడ్డకు కృషీవలుడు అని పేరు పెట్టిన దాఖలా నా ఎరుకలో లేదు. దేవతల పోలికే కావాలంటే, ప్రాచీన ఏథెన్సులో జ్యూస్ దేవుడినే ‘జ్యూస్ గెయోర్గోస్’ అన్న బిరుదుతో కొలిచి నైవేద్యాలు పెట్టేవారు.

చరిత్ర_చెట్టు
పండుగ జరగడం గురించి ఎవరూ చెప్పలేదు కనుక చెబుతాను. సెయింట్ జార్జి పండుగ ఏప్రిల్ 23 అన్నది నిజమే. అయితే గ్రీకువారి ఆర్థడాక్స్ క్రైస్తవ సంప్రదాయంలో ఈస్టరుకు ముందున్న ఉపవాస దినాలలో ఆ తేదీ పడితే, ఆ దినాలలో ఇంత పెద్ద పండుగ చేసుకోవడం పద్ధతి కాదు కనుక, దానిని ఈస్టరు మరునాటి సోమవారానికి మారుస్తారు. వారి ఈస్టరు లెక్క పాత జూలియన్ క్యాలెండరును అనుసరిస్తుంది. 2024లో పాశ్చాత్యుల ఈస్టరు మార్చి 31న అయిపోయినా, వారికి మే 5న వచ్చింది. అందుకే పండుగ మే 6న. ఉపవాస దినాలలో మాంసం, గుడ్లతో పాటు పాలు, పాల పదార్థాలు కూడా నిషిద్ధం. కార్తీక సోమవారం నాడు ఉపవాసం ఉన్నవారింటికి కోడి పులుసు తీసుకువెళ్ళినంత పని చేశారు మీరు. ఆవిడ పారెయ్యకుండా ఫ్రీజర్‌లో పెట్టారంటే మీ మీద అభిమానం ఉన్నట్టే.

మాస్టారి వివరణ మీద నాకు ఒక అభ్యంతరం ఉంది. మూలార్థం రైతే కావచ్చు. కాని రైతు అన్న అర్థం చూసి ఈ పేరు పెట్టినవారు బహు తక్కువ. క్రైస్తవానికి ముందు గెయోర్గియోస్ అన్న పేరు పెద్దగా కనిపించదు. దానిని లోకమంతా వ్యాపింపజేసినది ఒక సైనికుడు. సంప్రదాయ కథనం ప్రకారం ఆయన కుటుంబం కప్పదోకియా ప్రాంతానిది, అంటే నేటి టర్కీ మధ్యభాగం. రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ క్రైస్తవులను హింసించిన రోజులలో, 303లో, మతం వదలనందుకు ఆయన తల నరికారని చెబుతారు. సమాధి నేటి ఇజ్రాయెల్‌లోని లోద్ పట్టణంలో ఉన్నదని నమ్మకం. గుర్రం మీద ఎక్కి డ్రాగన్‌ను బల్లెంతో పొడిచే కథ ఆయన పోయిన అనేక శతాబ్దాల తరువాత చేరినది. పేరు పెట్టే మనిషి నిఘంటువు తెరిచి చూడడు.

వ్యాకరణం_మాస్టారు
ఆ సైనికుడికి ఆ పేరు పెట్టిన తల్లిదండ్రులు ఏ సెయింటును చూసి పెట్టారో కూడా చెప్పండి.

చరిత్ర_చెట్టు
అది మాత్రం నన్ను ఇరుకున పెట్టే ప్రశ్నే.

కొట్టాయం_కోడలు
మా పుట్టిల్లు ఏలూరు, మెట్టినిల్లు కేరళలోని కొట్టాయం. మా వారి తాతగారి పేరు గీవర్గీస్, పెదమామగారి పేరు వర్గీస్, ఆయన కొడుకు పేరు జార్జి. పెళ్ళయిన అయిదేళ్ళకు గాని ఈ మూడూ ఒకటే పేరన్న సంగతి నాకు తెలియలేదు. గ్రీకు గెయోర్గియోస్ సిరియాక్ భాషలో గీవర్గీస్ అయి, అక్కడి నుంచి కేరళ సిరియన్ క్రైస్తవుల ఇళ్ళలో స్థిరపడింది. ముందున్న ‘గీ’ ఊడిపోతే వర్గీస్. పాల విప్లవ పితామహుడు వర్గీస్ కురియన్ పేరులో రెండు మాటలూ గ్రీకువే. కురియన్ అన్నది ‘కిరియాకోస్’ నుంచి వచ్చింది, అంటే ప్రభువుకు చెందినవాడు.

చరిత్ర_చెట్టు గారు డ్రాగన్ కథను తేలికగా దాటేశారు కాని మా ఇంట్లో అదే ముఖ్యం. డ్రాగన్‌ను చంపినవాడు కనుక పాముల నుంచి కాపాడేవాడు ఆయనేనని అక్కడి నమ్మకం. రబ్బరు తోటలో నడిచేటప్పుడు ఆకుల్లో గలగల వినిపిస్తే మా అత్తగారు ‘గీవర్గీస్ పుణ్యాళా’, అంటే ‘ఓ సెయింట్ జార్జీ’, అంటారు. నేను పక్కనే నిలబడి సుబ్రహ్మణ్యేశ్వరస్వామిని తలుచుకుంటాను. ఇప్పటివరకు ఇద్దరమూ క్షేమమే.

గుంటూరు_ఘాటు
ఆ పాము ఏ భాషలో వెనక్కి తిరిగిందో కనుక్కోవలసింది.

విశాఖ_అల
మీరందరూ సెయింటు, రైతు అంటున్నారు కాని, మన తెలుగునాట ఈ పేరు తెలిసింది రాజుల వల్లనే. మా ఊరి కె.జి.హెచ్. 1923 నాటిది. దాని పూర్తి పేరు కింగ్ జార్జి హాస్పిటల్ అని తెలియని వారు విశాఖలో సగం మంది ఉంటారు. ఆ కింగ్ జార్జి ఐదవ జార్జి. ఆటో ఎక్కి ‘కింగ్ జార్జి’ అంటే డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తాడు, ‘కేజీహెచ్’ అంటే మీటరు వేయకుండానే బయలుదేరుతాడు.

పాత_నాణెం
రాజుల మాట వచ్చింది కనుక ఒక వెండి ముక్క చెబుతాను. మా నాయనమ్మ రూపాయల దండలో పదకొండు బిళ్ళలు ఉండేవి, తొమ్మిది ఐదవ జార్జివి, రెండు ఆరవ జార్జివి. వరుసగా తాకి చూస్తే చేతికి కూడా తేడా తెలిసేది, ఎందుకంటే ఐదవ జార్జి రూపాయిలో వెండి 91 శాతం పైన, 1940 నుంచి వచ్చిన ఆరవ జార్జి రూపాయిలో సగమే. నాయనమ్మ ఆ రెండింటినీ ‘కల్తీ రాజు’ అనేది.

1911లో ఐదవ జార్జి మొదటి రూపాయి వచ్చినప్పుడు గొప్ప గొడవ జరిగింది. రాజు అంగీ మీద హారంలో చెక్కిన ఏనుగు బొమ్మ పందిలాగా ఉన్నదని జనం గోల పెట్టడంతో, మరుసటి ఏడాది తొండం స్పష్టంగా కనిపించేలా అచ్చు మార్చారు. ఆ 1911 రూపాయిని సేకరణదారులు నేటికీ ‘పంది రూపాయి’ అనే అంటారు. మా నాయనమ్మ దండలో అది లేదు, ఎంత వెదికినా లేదు.

చరిత్ర_చెట్టు
విశాఖ_అల గారి మాటకు చిన్న సవరణ. మన తీరానికి ఈ పేరు రాజుల కంటె ముందు సెయింటు వెంటనే వచ్చింది. చెన్నపట్నం కోట పని 1644 ఏప్రిల్ 23న ఒక కొలిక్కి వచ్చింది, ఆ రోజు పండుగ కనుక సెయింట్ జార్జి కోట అన్నారు. అప్పటికి ఇంగ్లండుకు జార్జి అన్న రాజే లేడు. మొదటి జార్జి 1714లో జర్మనీలోని హనోవర్ నుంచి వచ్చి గద్దెనెక్కాడు. అక్కడి నుంచి వరుసగా నలుగురు జార్జిలు 1830 వరకు ఏలడంతో ఆ పేరు ఇంగ్లండు ఇంటింటికీ చేరింది. అమెరికాలోని జార్జియాకు పేరు ఇచ్చినది రెండవ జార్జి. మూడవ జార్జి ఆస్థాన ఖగోళవేత్త అయిన హెర్షెల్ 1781లో తాను కనుగొన్న గ్రహానికి ‘జార్జి నక్షత్రం’ అని పేరు పెట్టాలని చూశాడు. మిగతా దేశాలవారు ఒప్పుకోకపోవడంతో అది యురేనస్ అయింది. లేకపోతే మన పిల్లలు శని, జార్జి, నెప్ట్యూన్ అని వల్లె వేసేవారు.

గుంటూరు_ఘాటు
జార్జెట్ చీర సంగతి ఎవరూ ఎత్తరేమి? ఆ పేరు కూడా దీనిలోంచే వచ్చిందా?

కొట్టాయం_కోడలు
వచ్చింది. ఆ బట్టకు జార్జెట్ అన్న ఫ్రెంచి కుట్టుపని ఆవిడ పేరు పెట్టారు. జార్జెట్ అంటే జార్జికి ఆడరూపం.

గుంటూరు_ఘాటు
అంటే మా ఆవిడ బీరువాలో పద్నాలుగు మంది రైతులు మడత పెట్టి ఉన్నారు. ఇస్త్రీ కూడా అక్కరలేని రైతులు.

కోనసీమ_కుర్రాడు
శ్రీను గారు అడిగింది గ్రీకు పేరు గురించి. మీరు ఇంగ్లండు, కేరళ, బీరువా అన్నీ తిరిగారు. అసలు గ్రీకులలో పేరున్న యోర్గోస్‌లు ఎవరూ లేరా?

చరిత్ర_చెట్టు
చాలామంది ఉన్నారు. నాకు మొదట గుర్తుకు వచ్చేది యెయోర్యియోస్ కరైస్కాకిస్. టర్కులపై గ్రీకు స్వాతంత్ర్య యుద్ధంలో పెద్ద సేనాని. నోటి దురుసు ఎంతటిదో పోరులో తెగువ అంతటిది అని పేరు. ఏథెన్సు ముట్టడిని వదిలించడానికి ఫాలిరో తీరాన పోరాడుతూ గాయపడి 1827 ఏప్రిల్ 23న, పాత క్యాలెండరు ప్రకారం సరిగ్గా తన పేరురోజు నాడు, ప్రాణం విడిచాడు. ఫుట్‌బాల్ చూసేవారికి పిరేయస్‌లోని ఒలింపియాకోస్ జట్టు మైదానం పేరుగా ఆయన తెలిసే ఉంటాడు.

రెండవవాడు యెయోర్యియోస్ అవెరోఫ్. కొండ ఊరైన మెట్సోవోలో 1815లో పుట్టి, ఈజిప్టు వెళ్ళి, అలెగ్జాండ్రియాలో వ్యాపారం చేసి అపారంగా గడించాడు. 1896లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు ఏథెన్సులోని పురాతన క్రీడాప్రాంగణానికి మళ్ళీ పాలరాయి తొడిగించినది ఆయన డబ్బే. వాకిట్లో ఆయన విగ్రహం పెట్టారు. 1899లో ఆయన పోయాక, వీలునామాలో నౌకాదళానికి రాసిన సొమ్ము కలిపి ఒక యుద్ధనౌక కొని దానికి ఆయన పేరే పెట్టారు. మనకు దగ్గరి సంగతి ఏమిటంటే, 1941లో జర్మన్లు గ్రీసును ఆక్రమించినప్పుడు ఆ నౌక తప్పించుకుని అలెగ్జాండ్రియా చేరి, తరువాత బొంబాయి కేంద్రంగా హిందూ మహాసముద్రంలో కాపలా తిరిగింది. ఇప్పుడు ఏథెన్సు దగ్గర ఫాలిరో రేవులో మ్యూజియంగా ఉంది.

మూడవది కొంచెం చిత్రమైన కేసు. గ్రీసు రాజు మొదటి యెయోర్యియోస్ పుట్టుకతో గ్రీకువాడే కాదు. డెన్మార్కు రాకుమారుడు, పేరు విల్హెల్మ్. 1863లో పదిహేడేళ్ళ వయసులో ఆయనను తెచ్చి గద్దెనెక్కించినప్పుడు, గ్రీకుల నోటికి, గుండెకు పట్టే పేరు కావాలని యెయోర్యియోస్ అన్నారు. దాదాపు యాభై ఏళ్ళు ఏలి, 1913 మార్చిలో థెస్సలొనీకి వీధిలో మధ్యాహ్నపు నడకకు బయలుదేరి హంతకుడి తూటాకు బలయ్యాడు.

సూక్ష్మదర్శిని
సేనానులు, రాజులు అయ్యారు కనుక ఇప్పుడు ఒక డాక్టరు. నేను ల్యాబులో పనిచేస్తాను. రోజూ ఉదయం పదింటికల్లా గాజు పలకల పెట్టె వస్తుంది, ఒక్కొక్క పలక మూలన పెన్సిలుతో రోగి నంబరు ఉంటుంది, కాగితం మీద ‘పాప్’ అని రాసి ఉంటుంది. ఆ రెండక్షరాల వెనుక ఒక యోర్గోస్ ఉన్నాడని చేరిన చాలా ఏళ్ళకు తెలుసుకున్నాను. యెయోర్యియోస్ పాపనికొలావు 1883లో ఎవియా దీవిలోని కిమీ అన్న ఊళ్ళో పుట్టాడు. 1913లో భార్యతో అమెరికా చేరాడు. గర్భాశయ ముఖద్వారం దగ్గరి కణాలను పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తే క్యాన్సరును ముందే పట్టవచ్చునని 1928లో చెప్పినప్పుడు వైద్యులు పెద్దగా పట్టించుకోలేదు. 1943లో మరొక వైద్యుడితో కలిసి పుస్తకంగా ప్రచురించాకనే అందరూ దారికి వచ్చారు.

నాకు ఆయన కంటె ఆయన భార్య ఆంద్రొమాకి మీద గౌరవం ఎక్కువ. ఏళ్ళ తరబడి పరీక్షకు తన కణాలనే ఇస్తూ, పగలంతా అదే ల్యాబులో ఆయనకు సహాయకురాలిగా పనిచేసింది. యూరో రాకముందు గ్రీసు పది వేల ద్రాక్మాల నోటు మీద ఆయన బొమ్మ ఉండేది. ఆవిడ బొమ్మ ఏ నోటు మీదా నేను చూడలేదు.

వ్యాకరణం_మాస్టారు
అమ్మా, మీరు చెప్పిన ఇంటిపేరు కూడా షష్ఠే. పాప అంటే పూజారి, నికొలావు అంటే నికొలాస్ యొక్క. ఫాదర్ నికొలాస్ గారి వంశం అని అర్థం. వారి చర్చిలో పెళ్ళయినవారు కూడా పూజారి కావచ్చు కనుక ‘పాప’తో మొదలయ్యే ఇంటిపేర్లు వేలల్లో ఉంటాయి. మీ పెట్టె మీద రాసే ‘పాప్’ అన్నది ఆ లెక్కన ‘పూజారి’ అన్న మాటలో ముక్క.

సూక్ష్మదర్శిని
రేపు ఆ పెట్టె తెరుస్తుంటే నాకు తప్పకుండా నవ్వు వస్తుంది. మా మేడమ్ కారణం అడిగితే ఈ చర్చ చూపిస్తాను.

మధ్యాహ్నం_కాఫీ
కవిని వదిలేశారు. యోర్గోస్ సెఫెరిస్ 1900లో స్మిర్నా దగ్గర పుట్టాడు, అది నేటి టర్కీలోని ఇజ్మీర్. ఉద్యోగం దౌత్యం, లండన్‌లో గ్రీసు రాయబారి. 1963లో సాహిత్య నోబెల్ అందుకున్న మొదటి గ్రీకు ఆయనే. అసలు ఇంటిపేరు సెఫెరియాదిస్. గమనించండి, కాగితాల మీది యెయోర్యియోస్‌ను వదిలి వీధిలో పిలిచే యోర్గోస్‌నే పుస్తకాల మీద వేసుకున్నాడు. ఆ ఎంపిక నాకు ఆయన కవితలంత ఇష్టం. సైనిక ప్రభుత్వం రోజులలో చాలాకాలం మౌనంగా ఉండి, 1969 మార్చిలో నోరు విప్పి ఆ పాలనను బాహాటంగా ఖండించాడు. 1971లో ఆయన అంతిమయాత్రలో ఏథెన్సు వీధుల్లో జనం, నిషేధంలో ఉన్న ఆయన పాటనే పాడుతూ నడిచారు.

విశాఖ_అల
జార్జియా దేశం కూడా ఈ పేరు మీదనే కదా? వారి జెండా మీద కూడా సెయింట్ జార్జి శిలువే ఉంటుంది.

చరిత్ర_చెట్టు
జెండా సరే, పేరు కాదు. వారు తమ దేశాన్ని సకార్త్వెలో అంటారు. పారశీకులు ‘గుర్జ్’ అన్నారు, రష్యన్ల గ్రూజియా, యూరోపువారి జార్జియా దాని రూపాలే. సెయింట్ జార్జి భక్తి అక్కడ మెండుగా ఉండటంతో పేరు కూడా ఆయనదేనని యాత్రికులు అల్లేశారు. అయితే అక్కడ మగపిల్లలలో గియోర్గి అన్న పేరు అడుగడుగునా వినిపిస్తుంది కనుక మీ పొరపాటుకు కారణం ఉంది.

రష్యన్ భాషలో ఈ పేరు మూడు ముక్కలైంది: గెయోర్గీ, యెగోర్, యూరీ. బెర్లిన్ పట్టుకున్న మార్షల్ జుకోవ్ గెయోర్గీ అయితే, అంతరిక్షంలోకి మొదట వెళ్ళిన గగారిన్ యూరీ. భూమి మీద పనిచేసేవాడు అన్న పేరుగలవాడే భూమిని మొట్టమొదట వదిలి వెళ్ళాడు.

కోనసీమ_కుర్రాడు
ఈ ఒక్క వాక్యం కోసం ఇంత చర్చ చదవవచ్చు.

ఓయూ_పాతవిద్యార్థి
తెలుగువారి చర్చలో జార్జి రెడ్డి పేరు ఇంతవరకు రాకపోవడం ఆశ్చర్యం. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియాలో హత్యకు గురైన విద్యార్థి నాయకుడు. తండ్రి తెలుగువారు, తల్లి మలయాళీ. ఆవిడ పేరు చివర వర్గీస్ అని ఉండేది. కొట్టాయం_కోడలు గారి మాట చదివాక తట్టింది: తల్లి పేరులోని వర్గీస్, కొడుకు పేరులోని జార్జి ఒకే మాట. మేము క్యాంపస్‌లో ఉన్న రోజులలో గోడల మీద ఆ పేరు ఎన్నిసార్లు చదివామో, దాని వెనుక ఒక గ్రీకు రైతు ఉన్నాడని ఎవరికి తెలుసు?

పాత_నాణెం
రాజు పేరు తిరుగుబాటుదారుకు చేరిన ఉదాహరణ నా దగ్గర కూడా ఒకటి ఉంది. రైల్వే సమ్మె నడిపిన జార్జి ఫెర్నాండెజ్ 1930 జూన్ 3న పుట్టారు. ఐదవ జార్జి చక్రవర్తి పుట్టినరోజు కూడా జూన్ 3. వారి అమ్మగారికి ఆ చక్రవర్తి అంటే అభిమానం కనుక కొడుక్కి ఆ పేరు పెట్టారు.

మధ్యాహ్నం_కాఫీ
ఒక చిన్న విన్నపం. కొందరు ఆధునికంగా ‘జార్జ్’ అని రాస్తున్నారు. తెలుగులో ‘జార్జి’ అనడమే అందం. మన భాష అజంతం, మాటలు అచ్చుతో ముగుస్తాయి.

సూక్ష్మదర్శిని
అదేమి వాదం? ఆ మనిషి తన పేరును ఎలా పలుకుతాడో అలా రాయాలి. చివర లేని ఇకారాన్ని మనం ఎందుకు తగిలించాలి?

వ్యాకరణం_మాస్టారు
గ్రీకువాడు పలికినట్టే రాయాలంటే ‘జార్జ్’ కూడా తప్పే అవుతుంది, యోర్గోస్ అనాలి. గ్రీకు ‘ఇయోస్’ను ఇంగ్లీషువాడు కోసేశాడు, ఫ్రెంచివాడు జోర్జ్ అన్నాడు, స్పెయినువాడు హోర్హే అన్నాడు, పోలండువాడు యెజీ అన్నాడు. అందరూ తమ నోటికి తగ్గట్టు మలుచుకున్నప్పుడు మన తాతలు ఒక ఇకారం చేర్చుకుంటే నేరం కాదు. పైగా గెయోర్గియోస్‌లో ఉన్న ఇకారాన్ని తెలియకుండానే తిరిగి ఇచ్చినవారం మనమే.

సూక్ష్మదర్శిని
ఇంత తియ్యగా ఓడించినందుకు ధన్యవాదాలు. నేను మాత్రం ‘జార్జ్’ అనే రాస్తాను.

లిమసోల్_శ్రీను
ఇన్ని సంగతులు వస్తాయని అనుకోలేదు. సైప్రస్ తరఫున ఇద్దరిని చేరుస్తాను: బ్రిటిషువారి మీద 1955 నుంచి సాయుధ పోరు నడిపిన యెయోర్యియోస్ గ్రివాస్, 1988 నుంచి 1993 వరకు దేశాధ్యక్షుడిగా ఉన్న యోర్గోస్ వసిలియూ. గాయకుడు జార్జి మైకేల్ లండన్‌లో పుట్టినా తండ్రి సైప్రస్ గ్రీకువాడే, అసలు పేరు యెయోర్యియోస్ పనయోటూ. ఆ మాట మా యజమానికి చెబితే ‘మాకు తెలియదనుకున్నావా’ అన్నట్టు చూశారు.

ఇంకొక సందేహం కూడా తీరింది. మా యజమానికి ఇద్దరు కొడుకులు. ఇద్దరికీ పెద్దకొడుకు పేరు యోర్గోసే. ఆదివారం భోజనాలప్పుడు ‘యోర్గో’ అని ఒక్క కేక వేస్తే మూడు తలలు తిరుగుతాయి. మొదటి మనవడికి తండ్రి తండ్రి పేరు పెట్టడం వారి ఆచారమట.

కోనసీమ_కుర్రాడు
అది మన ఆచారం కూడా కదా. మా ఇంట్లో తాతగారి పేరున సూర్యనారాయణలు నలుగురం ఉన్నాము. మామగారి పేరు నోటితో పలకకూడదని మా అమ్మ నన్ను పుట్టినప్పటి నుంచి ‘చిన్నయ్య’ అనే పిలిచింది. బడిలో హాజరు పిలిచేటప్పుడు సూర్యనారాయణ అంటే నేను పక్కవాడి వైపు చూసేవాడిని. గ్రీకు కోడళ్ళకు ఈ ఇబ్బంది ఉన్నదా?

లిమసోల్_శ్రీను
లేనట్టే ఉంది. ఇక్కడ కోడలు మామగారి ఎదుటే కొడుకును ‘యోర్గో, అల్లరి ఆపు’ అని కసురుతుంది, ముసలాయన నిజంగానే ఒక్క క్షణం ఆగుతాడు.

గుంటూరు_ఘాటు
అంతా బాగుంది కాని నా మొదటి ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

లిమసోల్_శ్రీను
మే 6 సాయంత్రం ఇల్లంతా జనం. ఆవిడ నా డబ్బాను ముందురోజే బయట పెట్టారట. నీళ్ళు వదిలి, బిళ్ళలన్నీ అతుక్కుని ఒక్క ముద్ద అయింది. ఆవిడ దానిని కత్తితో ముక్కలు కోసి, మీద దాల్చినచెక్క పొడి చల్లి, చిన్న కప్పులలో పెట్టి అందరికీ ఇచ్చారు. ముగ్గురు యోర్గోస్‌లూ రెండేసి కప్పులు తిన్నారు. పెద్దాయన ‘పేరేమిటి’ అని అడిగారు. ‘కోవా’ అన్నాను. చివర ‘స్’ లేదు కదా, అది ఆడదా మగదా అని వారిలో వారికి వాదన మొదలైంది.

చరిత్ర_చెట్టు
రాసి పెట్టుకోండి: 2025లోను, 2026లోను పండుగ ఏప్రిల్ 23నే, ఈస్టరు ముందే అయిపోతుంది. 2027లో మాత్రం ఈస్టరు మే 2న కనుక పండుగ మే 3న.

వ్యాకరణం_మాస్టారు
కోవా నపుంసకలింగం అని వారికి చెప్పండి.